పాత బాత్రూమ్ కొత్తగా చేయించుకోవడం ఎలా: ముందు నీళ్ల దారి, తర్వాతే టైల్స్

మా బాత్రూమ్‌ని మేము రెండుసార్లు చేయించాం. మొదటిసారి పని మొదలైంది టైల్స్ షాపులో. నచ్చిన రంగు ఎంచుకున్నాం, మేస్త్రిని పిలిచాం, పదిరోజుల్లో అయిపోయింది. చూసినవాళ్లంతా బాగుందన్నారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే కింద ఇంటావిడ వచ్చి, "మా సీలింగ్ మీద నెమ్ము వస్తోందండీ, ఒకసారి వచ్చి చూస్తారా" అని అడిగింది. వెళ్లి చూస్తే సున్నం ఉబ్బి పెచ్చులు ఊడుతోంది. ఆ టైల్స్ అన్నీ పగలగొట్టాల్సి వచ్చింది. రెండోసారి మాత్రం నీళ్లు ఎక్కడ పడతాయి, ఎటు పోతాయి, ఎక్కడ ఆగుతాయి అన్నది ముందు చూసుకుని, రంగుల సంగతి చివరికి పెట్టుకున్నాం. ఇక్కడ చెప్పేదంతా ఆ రెండో పని క్రమం. మాది హైదరాబాద్‌లో పాత అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు, 5 అడుగులు × 7 అడుగుల బాత్రూమ్. మన ఊళ్లలో చాలా ఫ్లాట్లలో బాత్రూమ్ ఇంచుమించు ఇంతే ఉంటుంది కాబట్టి ఈ కొలతలు మీకూ పనికొస్తాయి.

పగలగొట్టే ముందు

ఒక వారం పాటు మీ బాత్రూమ్‌ని మీరే గమనించండి. స్నానం అయ్యాక ఏ మూల నీళ్లు నిలుస్తున్నాయి? బకెట్ ఎక్కడ పెడుతున్నారు, అక్కడ నడవడానికి దారి ఉందా? తడి టవల్ ఎక్కడ వేస్తున్నారు? తలంటు రోజున నూనె, కుంకుడుకాయ రసం గిన్నె, సున్నిపిండి డబ్బా ఎక్కడ పెడుతున్నారు? పసిబిడ్డ ఉంటే కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోయడానికి పీట పట్టే చోటుందా? ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. షోరూమ్‌లో అద్దాల మధ్య అలంకరించి పెట్టిన బాత్రూమ్‌లో బకెట్ కనపడదు. మన ఇంట్లో ఉంటుంది. షవర్ ఉన్నా, బోరు నీళ్ల ప్రెజర్ తగ్గిన రోజున, కరెంటు పోయిన రోజున మనం చెంబు పట్టుకునే స్నానం చేస్తాం. దానికి చోటు చూపని డిజైన్ ఎంత అందంగా ఉన్నా రోజూ ఇబ్బంది పెడుతుంది.

తర్వాత కొలతలు. కమోడ్ మధ్య గీత నుంచి పక్క గోడకి కనీసం 15 అంగుళాలు ఉండాలి. 18 ఉంటే ఇంకా హాయి. ముందు 2 అడుగుల ఖాళీ ఉండాలి. కమోడ్ పైపు నేలలోంచి వస్తే ఎస్ ట్రాప్, గోడలోంచి వస్తే పి ట్రాప్ అంటారు. ఎస్ ట్రాప్ అయితే వెనక గోడ నుంచి ఆ పైపు మధ్యకి ఎన్ని అంగుళాలో టేపుతో కొలిచి రాసుకోండి. ఈ ఒక్క అంకె లేకుండా షాపుకెళ్తే తెచ్చిన కమోడ్ కూర్చోదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ముందు పగలగొట్టి తర్వాత సామాను కొనడం. కమోడ్, డైవర్టర్ (నీళ్లని షవర్‌కో కుళాయికో మళ్లించే వాల్వ్), వాష్ బేసిన్, గీజర్ ఈ నాలుగూ ముందే ఇంటికి రావాలి. గోడలోకి వెళ్లే డైవర్టర్ ఎంత లోతులో కూర్చోవాలో దాని డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ లోతు టైల్ వేశాక వచ్చే గోడ పైభాగం నుంచి లెక్క. ప్లంబర్ అది చూడకుండా బిగిస్తే, టైల్ వేశాక పైన ప్లేటు సరిగ్గా కూర్చోక గోడ మళ్లీ కొట్టాల్సి వస్తుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ట్రూప్ బజార్, రాణిగంజ్ వైపు ఒక పూట తిరిగితే రకాలన్నీ చూడొచ్చు.

అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌కి ముందే చెప్పండి. కింద ఇంటివాళ్లకి మీరే స్వయంగా వెళ్లి చెప్పండి, తర్వాత వాళ్ల సీలింగ్ చూడాల్సిన పని ఉంటుంది. పగలగొట్టిన మట్టీ రాళ్లూ రోడ్డు పక్కన పోయకండి. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో నిర్మాణ వ్యర్థాలను తిరిగి వాడకంలోకి తెచ్చే ప్లాంట్లు ఉన్నాయి.

పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ వేయవచ్చా అని అడుగుతారు. లీకేజీ లేదని ఖాయంగా తెలిస్తే, టైల్ అడెసివ్‌తో వేయవచ్చు. నేల అర అంగుళానికి పైగా లేస్తుంది, తలుపు అడుగు కోయాల్సి వస్తుంది. కానీ ఎక్కడైనా నెమ్ము కనిపిస్తే మాత్రం ఆ ఆలోచన మానుకోండి. లోపలి తడి మీద కొత్త మూత పెట్టినట్టవుతుంది.

పైపులు

పాత ఇంట్లో జీఐ పైపులు (జింకు పూత పూసిన ఇనుప పైపులు) ఉంటే మొహమాటపడకుండా అన్నీ తీసేయించండి. లోపల తుప్పు పట్టి దారి సన్నబడి ఉంటుంది, ఉప్పు నీళ్ల బోరైతే ఇంకా ఎక్కువ. వేడినీళ్లకి వేడి తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ పైపు, చన్నీళ్లకి యూపీవీసీ ప్లాస్టిక్ పైపు లేదా అది కూడా సీపీవీసీ. మేం రెండింటికీ సీపీవీసీయే వేయించాం, తర్వాత ఎప్పుడైనా లైన్ మార్చాలన్నా టెన్షన్ ఉండదని. ఏ పైపుకి దాని గమ్మే వాడాలి. కుళాయి బిగించే చోట లోపల ఇత్తడి మరలున్న ఎల్బోలు అడగండి, ఉత్త ప్లాస్టిక్ మరలు నాలుగుసార్లు తిప్పితే అరిగిపోతాయి.

కుళాయిల ఎత్తులు టైల్స్ వేశాక వచ్చే నేల నుంచి కొలవాలి, పగలగొట్టిన నేల నుంచి కాదు. బకెట్ కుళాయి 2 అడుగులు. కమోడ్ పక్కన హెల్త్ ఫాసెట్ ఒకటిన్నర నుంచి 2 అడుగులు, కుడిచేతికి అందేలా, దానికంటూ విడిగా ఒక యాంగిల్ కాక్ (నీళ్లు ఆపే చిన్న వాల్వ్). వాష్ బేసిన్ పై అంచు 32 అంగుళాలు. షవర్ 7 అడుగుల లోపు. ఇంట్లో పొడుగువాళ్లూ పొట్టివాళ్లూ ఉంటే గోడ షవర్‌తో పాటు చేతి షవర్ ఒకటి పెట్టించండి. పెద్దవాళ్లకి కూర్చుని స్నానం చేయడానికీ, గోడలు కడగడానికీ అదే ఉపయోగపడుతుంది.

నాలుగున్నర అంగుళాల గోడలో అడ్డంగా పొడవాటి గాడి కొట్టనివ్వకండి, గోడ బలహీనమవుతుంది. షాంపూ సీసాల కోసం గోడలో గూడు కావాలంటే అది 9 అంగుళాల గోడలోనే. సన్న గోడైతే మూలలో నల్ల గ్రానైట్ ముక్కని అరలా బిగిస్తే చాలు.

పైపులు బిగించాక ఒక రోజు ఆగి, కుళాయిల చోట డమ్మీ మూతలు పెట్టి, చేతిపంపుతో ప్రెజర్ టెస్ట్ చేయించండి. ప్రెజర్ గేజు సూది కనీసం రెండు గంటలు కదలకుండా నిలబడాలి. ఆ తర్వాత గాడులు పూడ్చకముందే ప్రతి గోడనీ ఫొటో తీయండి, ఫొటోలో టేపు కూడా కనపడేలా. మూడేళ్ల తర్వాత టవల్ రాడ్‌కి డ్రిల్ చేసేటప్పుడు పైపు ఎక్కడుందో ఆ ఫొటోయే చెబుతుంది.

నేలలో నీళ్లు పోయే నహానీ ట్రాప్ చిన్న వస్తువే, ఇల్లంతా వాసన రాకుండా కాపాడేది మాత్రం అదే. అందులో 2 అంగుళాల నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలి. ఆ నీళ్లే డ్రైనేజీ వాసనకీ బొద్దింకలకీ అడ్డుగోడ. పాత ఇళ్లలో కొన్నిచోట్ల ట్రాప్ లేకుండా నేరుగా పైపు కలిపేసి ఉంటారు. ఎన్ని ఫినాయిల్ సీసాలు పోసినా వాసన పోని బాత్రూమ్‌కి కారణం చాలాసార్లు ఇదే.

వాటర్‌ప్రూఫింగ్

మొదటిసారి మేం దెబ్బతిన్నది ఇక్కడే. మేస్త్రి "సిమెంట్‌లో లిక్విడ్ కలిపాం సార్, చాలు" అన్నాడు, మేం తలూపాం. అది చాలదు.

నేల పూర్తిగా చెక్కాక స్లాబ్ కనిపిస్తుంది. పాత అపార్ట్‌మెంట్లలో చాలావరకు బాత్రూమ్ స్లాబ్‌ని గది స్లాబ్ కంటే అడుగు దాకా లోతుగా పోసి, పైపులు వేసి, ఇటుక ముక్కలతో పూడుస్తారు. దాన్నే సంకన్ స్లాబ్ అంటారు. టైల్స్ సందుల్లోంచి దిగిన నీళ్లు ఏళ్ల తరబడి అక్కడ చెరువులా నిలిచి, మెల్లగా కింద ఇంటికి దిగుతాయి. అందుకని ఆ గుంత అడుగున ఒకసారి, పైన నేల మీద ఇంకోసారి, రెండు చోట్లా వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. గుంత అడుగు నుంచి బయటికి ఒక సన్న పైపు పెట్టించగలిగితే ఇంకా మంచిది. ఎప్పుడైనా లోపల నీళ్లు చేరితే ఆ పైపులోంచి చుక్కలు పడి మనకి ముందే తెలుస్తుంది.

పని ఇలా జరగాలి. స్లాబ్‌ని శుభ్రంగా ఊడ్చి, కడిగి, పగుళ్లన్నీ పూడ్చాలి. గోడా నేలా కలిసే చోట మూల పదునుగా ఉండకూడదు, సిమెంట్‌తో గుండ్రంగా తిప్పాలి, పదును మూలలోనే పూత పగులుతుంది. పైపులు స్లాబ్‌ని దాటే చోట చుట్టూ గ్రౌటు పోసి గట్టిపరచాలి. ఆ తర్వాత సిమెంటూ పాలిమర్ కలిపిన రెండు భాగాల పూత. మొదటి పూత ఒక దిశలో, అది ఆరాక రెండోది దానికి అడ్డంగా. మూలల్లో పూతల మధ్య ఫైబర్ మెష్ పట్టీ. గోడల మీద చుట్టూ అడుగు ఎత్తు, స్నానం చేసే గోడల మీద 6 అడుగుల ఎత్తు దాకా. నీళ్లెన్ని కలపాలో, ఎన్ని గంటలు ఆరనివ్వాలో ప్యాకెట్ మీద ఉన్నదే పాటించాలి, అలవాటు కొద్దీ పలచన చేయనివ్వకండి.

పూత పూర్తిగా ఆరాక ట్రాప్ నోరు మూసి, నేలంతా 2 అంగుళాల నీళ్లు నింపండి. గోడ మీద నీటి అంచున పెన్సిల్‌తో గీత పెట్టండి. 48 గంటలు వదిలేయండి. గీత కంటే నీళ్లు బాగా తగ్గినా, కింద సీలింగ్‌లో చిన్న మచ్చ కనిపించినా పూత మళ్లీ వేయాల్సిందే. పనివాళ్లు రెండు రోజులు ఖాళీగా ఉండాలని తొందరపెడతారు. ఆ రెండు రోజులూ వాళ్లకి వేరే పని చూపించండి, లేదా సెలవివ్వండి. ఈ పరీక్ష ఒక్కటి వదలకండి. టైల్స్ వేశాక ఇది చేయడానికి వీలుండదు. మేం రెండోసారి నీళ్లు నింపినప్పుడు ఆ 48 గంటల్లో నాలుగుసార్లు కింద ఇంటికి వెళ్లి టార్చ్ వేసి చూసుకున్నాం. ఆ ఇంటావిడ కూడా మాతోపాటు తలెత్తి చూసింది.

పరీక్ష నెగ్గగానే పూత మీద సన్నటి సిమెంట్ పొర వేయించండి. పూత మీద తాపీ పడినా, గమేలా ఈడ్చినా చిరుగుతుంది. ఇక ఆ తర్వాత నేలలో మేకు కూడా దిగకూడదు.

వాటం

నేల వాటం మీద మీరే నిలబడి పని చూసుకోవాలి. స్నానం చేసే వైపు అడుగుకి పావు అంగుళం, కమోడ్ ఉన్న పొడి వైపు అందులో సగం. ట్రాప్ స్నానం చేసే మూలలోనే ఉండాలి, తలుపు దగ్గర కాదు. మేస్త్రి రసమట్టం పెట్టి చూపిస్తాడు, సంతోషమే, కానీ టైల్స్ అతికించకముందు ఒక చెంబెడు నీళ్లు నాలుగు మూలల్లోనూ పోసి చూడండి. నీళ్లు ఎవరి మాటా వినకుండా నిజం చెప్పేస్తాయి.

తలుపు దగ్గర గది నేల కంటే బాత్రూమ్ నేల అర అంగుళం నుంచి అంగుళం దిగువన ఉంటే చాలు, మధ్యలో సన్న గ్రానైట్ పట్టీ. పాతకాలం ఎత్తు గడపలకి పెద్దవాళ్ల కాళ్లు తట్టుకుంటాయి. స్నానానికీ కమోడ్‌కీ మధ్య కూడా రెండు మూడు అంగుళాల గ్రానైట్ పట్టీ వేస్తే సగం బాత్రూమ్ రోజంతా పొడిగా ఉంటుంది. ఇంట్లో మోకాళ్ల నొప్పులవాళ్లుంటే ఆ పట్టీ వద్దు, వాటంతోనే నీళ్లని ఆపండి.

ఇప్పుడు టైల్స్

నేలకి మ్యాట్ ఫినిష్ యాంటీ స్కిడ్ టైల్, 1 అడుగు × 1 అడుగు సైజు. పెద్ద పలకలు వేస్తే వాటం తిప్పడం కుదరదు. షాపులో టైల్ మీద నీళ్లూ, రెండు చుక్కల షాంపూ పోయించి బొటనవేలితో రుద్ది చూడండి. తలంటు రోజున అరికాలి కింద ఎలా ఉంటుందో అక్కడే తెలిసిపోతుంది. టైల్ వివరాల్లో ఆర్ 10, ఆర్ 11 అని కనిపిస్తే అది జారకుండా పట్టు ఇచ్చే కొలత, అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ.

గోడలకి 1 అడుగు × 2 అడుగుల టైల్స్ ఈ సైజు బాత్రూమ్‌కి నప్పుతాయి. సందులు తక్కువ, కడగడం తేలిక. రంగు విషయంలో నా మాట ఒకటే, ముందు మీ నీళ్లు చూసుకోండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే నల్లటి మెరిసే టైల్ మీద, నల్ల కుళాయిల మీద, గాజు పార్టిషన్ మీద తెల్ల మచ్చలు వారంలో తేలతాయి. మేం తాండూరు బండ రంగుకి దగ్గరగా ఉండే లేత బూడిద రంగు గోడలకీ, దానికంటే కాస్త ముదురు నేలకీ తీసుకున్నాం. రెండే రంగులు. చేపలూ పూలూ ఉన్న హైలైటర్ టైల్ మొదటి నెల ముచ్చటగా ఉంటుంది, తర్వాత ఆ గోడ మీద కన్ను ఆగదు. అందం కోసం ఏదైనా ఒకటి చేయాలనిపిస్తే అద్దం ఉన్న గోడ ఒక్కదానికే వేరే టైల్ వేయించండి.

మన షాపుల్లో దొరికే టైల్స్‌లో చాలావరకు గుజరాత్‌లోని మోర్బి నుంచే వస్తాయి. ఒకే సైజని రాసి ఉన్నా రెండు ఫ్యాక్టరీల టైల్స్ పక్కపక్కన పెడితే చిన్న తేడా రావచ్చు, కలపకండి. డబ్బాల మీద షేడ్, బ్యాచ్ నంబర్లు ఒకటేనా చూసుకోండి. లెక్క కంటే నూటికి పది ఎక్కువ తెచ్చి, మిగిలిన నాలుగైదు అటక మీద దాచండి. అదే రంగు రెండేళ్ల తర్వాత దొరకదు.

వేసేటప్పుడు తలుపు తీయగానే ఎదురుగా కనిపించే గోడలో నిండు టైల్‌తో మొదలుపెట్టమనండి. కోసిన ముక్కలు తలుపు వెనక మూలకి పోవాలి. గోడల్లో కింది వరుస వదిలి పైవి ముందు వేసి, నేల అయ్యాక ఆ వరుస వేస్తే గోడ టైల్ నేల టైల్ మీదికి వస్తుంది, గోడ మీద జారిన నీళ్లు సందులోకి దూరవు. సిమెంట్ ముద్దతో నాలుగు మూలలా చుక్కలు పెట్టి అతికిస్తే వెనక బోలుగా మిగిలి అక్కడే నీళ్లు చేరతాయి. అడెసివ్‌ని పళ్ల తాపీతో పలకంతా పరిపించాలి. పలకల మధ్య 2 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టించండి. సందులకి ఎపాక్సీ గ్రౌట్, నేలకి బూడిద రంగులో. ఖర్చు ఎక్కువే, కానీ పసుపూ నూనే పీల్చుకోదు. తెల్ల సిమెంట్ నింపిన నేల ఆరునెలల్లో ఎలా మారుతుందో మీ పాత బాత్రూమ్‌లో చూసే ఉంటారు.

కరెంటు, గీజర్

ఇందులో బేరాలు వద్దు. గీజర్ స్విచ్ బాత్రూమ్ బయట ఉండాలి. 2 కిలోవాట్ల గీజర్‌కి 16 యాంపియర్ల పాయింట్, మెయిన్ బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సరైన ఎర్తింగ్, 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్). షవర్ నేరుగా తడిపే చోట గీజర్ వద్దు. దాని సేఫ్టీ వాల్వ్ నుంచి అప్పుడప్పుడూ చుక్కలు పడతాయి, విసుగొచ్చి ఆ రంధ్రం మూసేయకండి, లోపలి ప్రెజర్ బయటికి పోయే దారి అది. 25 లీటర్ల గీజర్ నీళ్లతో నిండితే ఆ నీళ్ల బరువే 25 కిలోలు, గోడ బోలు ఇటుకలదైతే దానికి తగ్గ బోల్టులు వాడాలి.

దీపం అద్దానికి పైనో పక్కనో ఉండాలి. మన వెనక ఉంటే మన నీడ మన ముఖం మీదే పడుతుంది. 6 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, స్నానమయ్యాక ఒక పావుగంట తిరగనివ్వండి.

తలుపు, పట్టుకునే రాడ్లు

చెక్క తలుపు అడుగు భాగం తడికి ఉబ్బి పొరలు ఊడుతుంది. డబ్ల్యూపీసీ (చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసిన) తలుపు, గ్రానైట్ ద్వారబంధం ఏళ్ల తరబడి ఉంటాయి. పెద్దవాళ్లు వాడే బాత్రూమ్ తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపుకి మనిషే అడ్డమై, బయటివాళ్లు లోపలికి వెళ్లలేరు. గడియ కూడా అవసరమైతే బయటి నుంచి నాణెంతో తిప్పి తీసే రకం పెట్టండి. మా అత్తయ్య ఒకసారి కాలు జారి పడినప్పుడు తలుపు తీయడానికి పట్టిన పది నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తు.

కమోడ్ పక్కన, స్నానం చేసే చోట స్టీలు రాడ్లు బిగించండి, దాదాపు 2 అడుగుల 9 అంగుళాల ఎత్తులో, బోల్టు టైల్‌లో కాక ఇటుక లోపలికి దిగేలా. వాటి చోటు టైల్స్ వేయకముందే గుర్తుపెట్టుకుంటే అక్కడ పైపు రాకుండా చూసుకోవచ్చు. ఇంట్లో వయసైనవాళ్లు ఇప్పుడు లేకపోయినా రాడ్లు పెట్టించండి. కాలు బెణికినప్పుడు, కడుపుతో ఉన్నప్పుడు, జ్వరం వచ్చినప్పుడు ఎవరికైనా చేతికి ఆసరా కావాలి.

పని పూర్తయిన రోజు

కూలీ పూర్తిగా ఇచ్చేముందు అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పండి. ఫ్లష్ పదిసార్లు కొట్టండి. వాష్ బేసిన్ నింపి ఒక్కసారిగా వదిలి, కింద బాటిల్ ట్రాప్ చుట్టూ పొడి వేలితో తడిమి చూడండి. నాణెంతో టైల్స్ మీద తట్టండి, బోలు శబ్దం వచ్చిన పలకని తీయించి మళ్లీ వేయించండి. నేల తడిపి అరగంట తర్వాత ఎక్కడైనా మడుగు మిగిలిందా చూడండి.

పనివాళ్లు వెళ్తూ సిమెంట్ మరకలు పోవడానికి యాసిడ్ పోస్తామంటారు. సిమెంట్ గ్రౌట్‌ని యాసిడ్ తినేస్తుంది, కుళాయిల మెరుపు పోతుంది, కడప రాయి, తాండూరు రాయి సున్నపురాళ్లు కాబట్టి వాటి మీద పడితే మచ్చలు పడి గరుకుదేలతాయి. సబ్బు నీళ్లూ, నైలాన్ బ్రష్షూ ఇచ్చి ఓపిగ్గా రుద్దించండి. కుళాయిల మీద ఉప్పు పట్టినప్పుడు నిమ్మచెక్కతో రుద్ది వెంటనే కడిగి తుడవండి, ఆ రసం కూడా రాతి అరల మీద పడనివ్వకండి. యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ ఎప్పుడూ కలపకండి, వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులకి ప్రమాదం.

చివరగా తలుపు వెనక ఒక కొక్కెం బిగించి వైపర్ తగిలించండి. స్నానం చేసినవాళ్లే రెండుసార్లు నేల లాగి బయటికి రావాలని ఇంట్లో అందరికీ చెప్పండి. మా ఇంట్లో ఏడేళ్ల పిల్ల కూడా లాగుతుంది. మొన్న సంక్రాంతికి కింద ఇంటికి పిండివంటలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు అలవాటుగా తలెత్తి చూశాను. వాళ్లు సీలింగ్‌కి కొత్తగా తెల్లరంగు వేయించుకున్నారు, ఎక్కడా మచ్చ లేదు.